సుద్దముక్క చేతికిచ్చి అడిగే ప్రశ్న

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసినప్పుడు ఒక షరతు పెట్టారు. "జ్ఞాపకాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారప్పా. నువ్వు మాత్రం మన పిల్లోళ్లకు రేపు పనికొచ్చేది ఒకటి చెప్పు" అన్నారు. ఆ షరతు నాకు నచ్చింది. అందుకే ఈరోజు ఒక్క విషయమే మాట్లాడతాను. డిజైన్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో బోర్డు ముందు నిలబెట్టి ఒక సమస్య ఇస్తారు. దానికి మన పిల్లలు ఎట్లా సిద్ధం కావాలి?

నేను దాదాపు ముప్పై ఏళ్లుగా యంత్ర పరికరాల డిజైన్ పనిలో ఉన్నాను. అందులో సగం కాలం, కొత్తవాళ్లను ఎంపిక చేసే బల్లకు అవతలి వైపు కూర్చున్నాను. కాబట్టి ఈ మాటలు పుస్తకంలో చదివి చెబుతున్నవి కావు.

ముందు ఆ పరీక్ష ఏమిటో తెలియని పెద్దల కోసం రెండు మాటలు. వస్తువులు, యంత్రాలు, ఫోన్లలో వాడే యాప్‌లు, ఆసుపత్రి పరికరాలు, ఏవి డిజైన్ చేసే ఉద్యోగమైనా, మార్కుల జాబితా, చేసిన పనుల నమూనాలు చూశాక మరో మెట్టు ఉంటుంది. అభ్యర్థిని బోర్డు దగ్గరికి పిలుస్తారు. మార్కర్ చేతికిస్తారు. "పిల్లలు వాడే ఏటీఎం ఎట్లా ఉండాలి?" అనో, "వెయ్యి అంతస్తుల భవనానికి లిఫ్టు ఏర్పాటు ఎట్లా చేస్తావు?" అనో అడుగుతారు. ముప్పావు గంటో గంటో సమయమిస్తారు. ఇద్దరు ముగ్గురు ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంటారు. ఇప్పుడు చాలాచోట్ల ఇదే పని కంప్యూటర్ తెర మీద, వీడియో కాల్‌లో జరుగుతోంది. మార్కర్ బదులు మౌస్, అంతే తేడా.

మా కాలంలో ఈ ప్రాంతం నుంచి ఇలాంటి ఇంటర్వ్యూ దాకా వెళ్లినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు అట్లా కాదు. పులివెందులలో 2006 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వారి ఇంజనీరింగ్ కళాశాల ఉంది. డిజైన్‌నే చదువుగా ఎంచుకోవాలంటే అహ్మదాబాదు దాకా పోనక్కర లేకుండా మన రాష్ట్రంలోనే జాతీయ డిజైన్ సంస్థ 2015లో మొదలైంది. హైదరాబాద్ ఐఐటీలోనూ డిజైన్ విభాగం ఉంది. అంటే మన పిల్లలు ఆ బోర్డు దాకా చేరుతున్నారు. చేరాక ఏమవుతోందన్నదే ఈరోజు నా బాధ.

ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా దగ్గరికి ఒక అబ్బాయి ఇంటర్వ్యూకు వచ్చాడు. మన జిల్లావాడే. చూపు తగ్గిన వృద్ధుల కోసం మాత్రల డబ్బా డిజైన్ చేయమని ప్రశ్న ఇచ్చారు. అబ్బాయి బోర్డు వైపు తిరిగాడు. పన్నెండు నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదు. చక్కటి బొమ్మ గీశాడు. మూడు అరలు, కొలతలతో సహా. ఇటు తిరిగి "అయిపోయింది సార్" అన్నాడు. "మూడు అరలు ఎందుకు?" అని అడిగారు. "రోజుకు మూడు పూటలు కాబట్టి" అన్నాడు. "ఆ డబ్బాలో మాత్రలు నింపేది ఎవరు?" అని అడిగారు. మౌనం. ఆ ఉద్యోగం అతనికి రాలేదు.

సాయంత్రం బయట టీ తాగుతుంటే అతనే వచ్చి పలకరించాడు. మాటల్లో తెలిసింది, వాళ్ల అవ్వకు ప్రతి ఆదివారం మాత్రలు సర్దేది అతనేనని. అవ్వ మాత్రను రంగును బట్టి కాదు, వేళ్లతో తడిమి గుర్తుపడుతుందట. బీపీ మాత్ర, షుగరు మాత్ర ఒకే సైజులో వచ్చిన నెలలో తికమకపడిందట. అందుకని అతను ఒక డబ్బా మూతకు దారం చుట్టి ఇచ్చాడట. నేను అడిగాను, "ఇదంతా బోర్డు దగ్గర ఎందుకు చెప్పలేదు నాయనా?" అని. "ఇంటి సంగతులు ఇంటర్వ్యూలో ఎందుకులే అనుకున్నా సార్" అన్నాడు.

ఆ రోజు గదిలో ఉన్న అందరికంటే ఆ సమస్య గురించి ఎక్కువ తెలిసినవాడు అతనే. దారం చుట్టిన మూత ఒక్కటి బోర్డు మీద గీసి, అవ్వ కథ చెప్పి ఉంటే, అవతల కూర్చున్నవాళ్లు ముందుకు వంగి వినేవాళ్లు. తెలివి లేక పోయిన ఉద్యోగం కాదది. నోటి దగ్గర ఆగిపోయిన తెలివి వల్ల పోయిన ఉద్యోగం. అట్లాంటి పిల్లలు మన దగ్గర ఎంతోమంది ఉన్నారు.

అవతల కూర్చున్నవాళ్లు ఏం చూస్తారో చెబుతాను. ముప్పావు గంటలో లోకానికి పనికొచ్చే వస్తువు తయారవదని వాళ్లకు తెలుసు. వాళ్ల చేతిలో కాగితం ఉంటుంది. అందులో ఇలాంటివి రాసి ఉంటాయి: సమస్యను సరిగా అర్థం చేసుకున్నాడా? ఎవరి కోసం అని అడిగాడా? ఒక్క ఆలోచన దగ్గరే ఆగాడా, నాలుగు ఆలోచించి ఒకటి ఎంచుకున్నాడా? ఎంచుకున్నదానికి కారణం చెప్పాడా? మేం ఒక లోపం చూపిస్తే ముడుచుకుపోయాడా, దాన్ని కలుపుకొని ముందుకు పోయాడా? రేపు ఇతనితో కలిసి ఒకే బల్ల దగ్గర పని చేయగలమా? వీటన్నింటికీ జవాబు అభ్యర్థి నోటి నుంచి, చేతి నుంచి ఒకేసారి రావాలి. మౌనంగా గీసిన అందమైన బొమ్మకు ఈ కాగితం మీద మార్కులు వేయడానికి చోటే ఉండదు.

ఇదంతా మనకు కొత్త కాదు. మన బళ్లో లెక్కల సారు బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయించేవారు. జవాబు సరిగ్గా వచ్చినా వదిలేవారు కాదు. "రేయ్, జవాబు పుస్తకం ఎనకాల ఉంది, అది నాకూ తెలుసు. నువ్వు యాడ నుంచి యాడికి ఎట్ల పోయినావో అది చెప్పు" అనేవారు. జార్జ్ పోల్యా అనే గణితవేత్త 1945లో 'హౌ టు సాల్వ్ ఇట్' అని ఒక పుస్తకం రాశాడు. అందులో చెప్పినవి నాలుగు మెట్లు. సమస్యను అర్థం చేసుకో, దారి ఆలోచించు, ఆ దారిలో నడువు, చివర వెనక్కి తిరిగి చూసుకో. మన సారు ఆ పుస్తకం చదివారో లేదో గానీ, చేయించింది మాత్రం అదే.

డిజైన్‌లో మొదటి మెట్టుకు ఎంత విలువుందో చెప్పే మంచి ఉదాహరణ మన ఇంట్లోనే ఉంది. అది చెంబు. అమెరికా నుంచి చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ అనే డిజైనర్ దంపతులు మన దేశానికి వచ్చి, ఊళ్లు తిరిగి, 1958లో భారత ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. దాని ఫలితంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. ఈ దేశంలో తాము చూసిన వస్తువులన్నింటిలో చెంబును వాళ్లు ఎక్కువగా మెచ్చుకున్నారు. ఈరోజు ఎవరైనా చెంబును కొత్తగా డిజైన్ చేయాలంటే ఏమేం అడగాలో జాబితా వేశారు. ఎన్ని నీళ్లు పట్టాలి? పట్టుకునే చెయ్యి ఎవరిది, ఎంతది? తల మీద మోస్తారా, చంకన పెట్టుకుంటారా, చేత్తో పట్టుకుంటారా? నిండుగా ఉన్నప్పుడు బరువు ఎక్కడ నిలుస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడ? వంచితే ధార ఎట్లా పడాలి? లోపల చెయ్యి పెట్టి తోమడానికి వీలుందా? ధర ఎంత? పాతబడితే అమ్ముకోవచ్చా? ప్రశ్నల తర్వాత ప్రశ్నలు. ఎవరో ఒక్కరు బల్ల ముందు కూర్చుని ఇన్నింటికి జవాబులు కనిపెట్టలేదు, తరతరాల చేతులు కలిసి ఆ వస్తువును తీర్చిదిద్దాయని వాళ్ల భావం.

అంత దూరం కూడా అక్కర్లేదు. మన ప్రొద్దుటూరు బంగారానికి పేరుపడ్డ ఊరు. ఒక కమ్మలజత చేయించడానికి అనుభవమున్న ఆచారి దగ్గరికి పోండి. ఆయన వెంటనే గీయడం మొదలుపెట్టడు. "ఎవరికమ్మా? పెండ్లికా, రోజూ పెట్టుకోవడానికా? ఎన్ని గ్రాముల్లో అనుకున్నారు? చెవి తమ్మె సాగిందా? పాత బంగారం ఏమన్నా ఇస్తారా?" అని అడుగుతాడు. తర్వాత రెండు మూడు నమూనాలు ముందు పెడతాడు. "ఇది బరువు, మీ అమ్మాయి చెవికి ఆగదు, ఇది తీసుకోండి" అని కారణం చెబుతాడు. బోర్డు ముందు మన పిల్లలు చేయాల్సింది సరిగ్గా ఇదే. ఏ ఇంటర్వ్యూ పుస్తకమూ చదవకుండా ఆయన ఆ పద్ధతిని రోజూ నడుపుతున్నాడు.

ఇప్పుడు ఒక ప్రశ్న తీసుకుని మనమే చేసి చూద్దాం. "బస్టాండులో ప్రయాణికులకు సమాచారం అందే ఏర్పాటు డిజైన్ చేయండి. నలభై ఐదు నిమిషాలు." పదిమందిలో ఎనిమిది మంది వెంటనే ఫోన్ బొమ్మ గీసి, అందులో మ్యాపు పెడతారు. ఆగండి. మొదటి పది నిమిషాలు ప్రశ్నలకే ఇవ్వండి. ఏ బస్టాండు? ఏ ప్రయాణికులు? అవతలివాళ్లు "మీరే ఎంచుకోండి" అంటారు. మంచిది. మన ప్రొద్దుటూరు బస్టాండు అనుకుందాం. ప్రయాణికులందరి కోసం అంటే ఎవరి కోసమూ కాకుండా పోతుంది. ఒక్కరిని ఎంచుకుందాం. జమ్మలమడుగు అవతల పెద్దముడియం నుంచి ఆసుపత్రికి వచ్చిన ఒక అవ్వ. చదువు రాదు. చేతిలో బటన్ ఫోను. ఒక కంటికి శుక్లం.

ఆమె ఇప్పుడేం చేస్తోంది? పక్కనున్నవాళ్లను అడుగుతోంది. పల్లీలమ్మే ఆయన్ను, కాలేజీ పిల్లను, కండక్టర్ను. ఆమెకు కావలసినవి మూడే. నా బస్సు పోయిందా, ఇంకా రాలేదా? ఎక్కడ ఆగుతుంది? అందులో నాకు టికెట్టు ఉంటుందా? ఈ మూడోది కొత్తగా వచ్చిన ప్రశ్న. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది గానీ, అది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఐదు రకాల బస్సుల్లోనే. కాబట్టి ఊరి పేరు తెలిస్తే చాలదు, బస్సు రకం కూడా తెలియాలి. చూశారా, సరైన మనిషిని ఎంచుకుంటే ప్రశ్న దానంతటదే పదునెక్కుతుంది.

తర్వాత ఐదు నిమిషాలు హద్దులు రాసుకోండి. బస్సులు మార్చలేం. కరెంటు పోవచ్చు. బస్సు ఆలస్యం కావచ్చు. ఖర్చు తక్కువ ఉండాలి. తర్వాత పదిహేను నిమిషాలు ఆలోచనలు, కనీసం నాలుగు. ఒకటి, స్టాండంతటికీ ఒక మైకు బదులు ప్రతి ప్లాట్‌ఫారం దగ్గర చిన్న స్పీకరు. రెండు, మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ చేసి తెలుగులో చెప్పే ఏర్పాటు. మూడు, దారికొక బొమ్మ: జమ్మలమడుగు వైపు గండికోట బురుజు, పులివెందుల వైపు చీనీకాయ. నాలుగు, సాయానికి ఒక మనిషిని కూర్చోబెట్టడం. నాలుగోది సాంకేతికం కాదని సిగ్గుపడొద్దు. బోర్డు మీద రాయండి. కొన్నిసార్లు అదే సరైన జవాబు.

తర్వాత పది నిమిషాలు, ఎంచుకున్నదాన్ని వివరంగా గీయాలి. నేను బొమ్మనే ఎంచుకుంటాను. కరెంటు లేకపోయినా కనబడుతుంది, ఖర్చు తక్కువ. చదువు రానివాళ్లు గుర్తు చూసి ఎంచుకోవడం మనకు అలవాటే. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల నుంచి ఓటేస్తున్నది అట్లాగే కదా. మెక్సికో నగరంలో 1969లో మెట్రో మొదలైనప్పుడు ప్రతి స్టేషనుకూ ఒక బొమ్మ పెట్టారు. ఇప్పటికీ ఉన్నాయి. ఇలాంటి ఒకటి రెండు సంగతులు తెలిసి ఉంటే మాటకు బలం వస్తుంది.

ఇంతలో అవతలి నుంచి ఒకరు అడుగుతారు, "బొమ్మను బస్సు మీద పెయింట్ చేస్తారా? ఆ బస్సు మధ్యాహ్నం వేరే ఊరికి పోతే?" అని. ఇది మిమ్మల్ని పడగొట్టడానికి వేసిన ప్రశ్న కాదు, చెయ్యి అందించడం. "నిజమే సార్, అయితే పెయింట్ వద్దు, ముందు అద్దం దగ్గర తగిలించి తీసే పలక పెడదాం, ఊరి బోర్డు మార్చేటప్పుడు దీన్నీ మారుస్తారు" అనండి. ఇంకొకరు "రంగులతో తేడా చూపిస్తే?" అంటారు. "శుక్లం ఉన్న కంటికి కొన్ని రంగుల తేడా తెలియకపోవచ్చు. అందుకని రంగుతో పాటు ఆకారం కూడా ఉండాలి. ఉచిత బస్సు పలక గుండ్రంగా, టికెట్టు బస్సు పలక చతురస్రంగా పెడదాం" అనండి.

చివరి ఐదు నిమిషాలు వెనక్కి తిరిగి చూసుకోవాలి. ఇది పనిచేసిందని ఎట్లా తెలుస్తుంది? ఒక పొద్దున ప్లాట్‌ఫారం దగ్గర నిలబడి, "ఈ బస్సు యాడికి పోతాది?" అని పక్కవాళ్లను అడిగినవాళ్లను లెక్కపెట్టాలి. పలకలు పెట్టిన నెలకు మళ్లీ లెక్కపెట్టాలి. ఇందులో తీరనిది ఏమిటి? బస్సు ఎప్పుడొస్తుందన్నది బొమ్మ చెప్పదు. ఆ మాట మీరే ముందుగా ఒప్పుకోండి. తన డిజైన్‌లో లోపం తానే చూపగలిగినవాడి మీద నమ్మకం కుదురుతుంది.

ఇక సాధన ఎట్లా? ఈత గురించి ఎంత చదివినా నీళ్లలో దిగితేనే వస్తుంది. ఒక బోర్డు, ఒక గడియారం, ఒక స్నేహితుడు చాలు. వారానికి రెండు ప్రశ్నలు, నిలబడి, గట్టిగా మాట్లాడుతూ చేయండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఎక్కడ మౌనం వచ్చిందో మీకే తెలుస్తుంది. బోర్డును ముందే మూడు భాగాలు చేసుకోండి: ఎడమ పక్క ప్రశ్నలు, హద్దులు, మధ్యలో ఆలోచనలు, కుడి పక్క చివరి బొమ్మ. అక్షరాలు వెనక బెంచీకి కనబడేంత పెద్దగా రాయండి. తర్వాత స్థానాలు మారండి. ఒకరోజు మీరు ప్రశ్న అడిగేవాళ్లుగా కూర్చుంటే, ఎదుటివాళ్లు ఎక్కడ తొందరపడుతున్నారో కనబడుతుంది, మర్నాడు మీ తొందర తగ్గుతుంది. వీడియోలో ఇంటర్వ్యూ అయితే ఆ తెర మీద గీయడం ముందే అలవాటు చేసుకోండి. చేత కాకపోతే కాగితం మీద గీసి కెమెరాకు చూపించవచ్చా అని ముందే అడగండి.

ప్రశ్నల కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి, రోజుకు ఒకటి రాయండి. పులివెందుల తోటలో కోసిన అరటిగెల లారీ ఎక్కేలోపు ఎన్ని చేతులు మారుతుంది, ఎక్కడ దెబ్బ తింటుంది? 26.85 టీఎంసీల గండికోట జలాశయం కింద తాళ్ల ప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగిపోయాయి. కొత్త కాలనీకి మారిన ఇంట్లో బర్రెను ఎక్కడ కట్టేయాలి, శనక్కాయలు ఎక్కడ ఆరబోయాలి? ఇలాంటి ప్రశ్నలు నగరంలో పెరిగిన పిల్లలకు తట్టవు. ఇవి మీ సొత్తు.

ఇంగ్లీషు గురించి అడుగుతారని తెలుసు. తెలుగు మీడియం పిల్లలకు ఉన్న పెద్ద భయం అదే. నేను కూర్చున్న బల్లల దగ్గర వ్యాకరణానికి మార్కులు వేయడం చూడలేదు. చిన్న వాక్యాలు చాలు. మాట దొరకకపోతే గీయండి. "ఒక్క నిమిషం ఆలోచించుకుంటాను" అని చెప్పి ఆగండి. చెప్పి ఆగితే అది ఆలోచన, చెప్పకుండా ఆగితే అది మౌనం. ఆ పది పదిహేను వాక్యాలు ముందే నాలుక మీద ఆడేలా చేసుకుంటే భయం సగం పోతుంది.

ఈ పద్ధతిలో అంతా న్యాయమే ఉందని నేను అనను. గడగడ మాట్లాడేవాళ్లకు ఇది అనుకూలం, నెమ్మదిగా ఆలోచించేవాళ్లకు ప్రతికూలం. రోజువారీ డిజైన్ పని ఇట్లా ముప్పావు గంటలో, నలుగురు చూస్తుండగా జరగదు కూడా. అందుకే కొన్నిచోట్ల ప్రశ్నను ముందురోజే ఇస్తున్నారు, మేం మొదటి ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఆలోచించుకోమని వదిలేస్తున్నాం. ఇంకోమాట. ఇంటి దగ్గర చేసుకు రమ్మని, తమ సొంత వస్తువుకే వారం రోజుల పని ఉచితంగా చేయించుకునేవాళ్లూ ఉన్నారు. "దీనికి ఎన్ని గంటలు కేటాయించాలి సార్?" అని మర్యాదగా అడిగే హక్కు మీకుంది. అడగండి.

చివరగా సంఘం పెద్దలకు ఒక ప్రతిపాదన. స్వర్ణోత్సవం గుర్తుగా గేటు కడదామా, విగ్రహం పెడదామా అని చర్చ జరుగుతోందని విన్నాను. రెండూ మంచివే. వాటితో పాటు నెలకు ఒక ఆదివారం ఈ బళ్లో ఒక గది తెరిచి ఉంచండి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కళాశాలల్లో చదివే పిల్లలు ఎవరైనా రావచ్చు, ఈ బడివాళ్లే కానక్కర లేదు. ఒక బోర్డు, సుద్దముక్కలు, అవతల కూర్చుని ప్రశ్నలు అడగడానికి మనలో ముగ్గురు. ఇంజనీర్లే అక్కర్లేదు. బంగారు పని చేసే మిత్రుడు, ఆసుపత్రిలో పనిచేసే చెల్లెలు, ఆర్టీసీలో పనిచేసి దిగిపోయిన అన్న కూర్చుంటే ఇంకా మంచి ప్రశ్నలు వస్తాయి. మన ఉపాధ్యాయులను కూడా కూర్చోమని కోరుతున్నాను. "ఎట్ల పోయినావో చెప్పు" అని అడగడం వాళ్లకంటే బాగా ఎవరికి వచ్చు? మొదటి ఆరు నెలలు ఊరికి వచ్చి ఒక కుర్చీలో కూర్చునే బాధ్యత నాది. మిగతా రెండు కుర్చీలకు పేర్లు ఈరోజు భోజనాల లోపు కార్యదర్శి గారికి ఇవ్వండి.